గాజుతొట్టెలో అల్లుడు

నీళ్ళలో ఉన్నంతసేపూ బిన్వెల్‌కి ఎదురులేదు. పడవ మీది యంత్రం నుంచి గాలి తెచ్చే గొట్టాన్ని నోట కరుచుకుని, చేతికొక చిన్న వల పట్టుకుని సరస్సు అడుగున రాళ్ళ మధ్యకి దిగాడంటే, ఎంత గడుసు చేపయినా అతని ఎడమచేతి వలకి భయపడి కుడిచేతి వలలోకి వచ్చి పడాల్సిందే. అన్నీ రాతిచేపలు. అరచేతిలో ఇమిడే సైజు. నీలం, పసుపు, నారింజ, వాటి మీద చారలు. చేపల కంపెనీవాళ్ళు వాటిని నీళ్ళ సంచుల్లో కట్టి విమానాలెక్కిస్తే, ఎక్కడో చలిదేశాల్లో జనం ఇళ్ళలో గాజుతొట్టెలు పెట్టుకుని చూసి మురుస్తారట. ఎందుకు మురుస్తారో బిన్వెల్ ఎప్పుడూ అడగలేదు. పట్టివ్వడం వరకే అతని పని.

ఒడ్డెక్కాక మాత్రం అతను మ్వాలా ఊరి అల్లుడు.

మ్వాలాలో అల్లుడంటే అత్తవారింట్లోనే ఉండాలి. ఇల్లు పెళ్ళాందీ, పొలం పెళ్ళాం తల్లిదీ, పుట్టిన పిల్లలు పెళ్ళాం పుట్టింటివాళ్ళూ. ఆ మొత్తానికీ పెద్దదిక్కు, పెళ్ళాం మేనమామ. అల్లుడికి మిగిలేది కప్పుకి గడ్డి వేయడం, కంచె కట్టడం, మేనమామ పిలిచినప్పుడు చాప మీద కూర్చుని "అలాగేనండి" అనడం. ఊళ్ళో సగంమంది మగవాళ్ళ బతుకు ఇదే కాబట్టి దీన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. బిన్వెల్ కూడా అనుకోలేదు, అన్న పోయేదాకా.

బిన్వెల్‌ది న్చిసి కొండల మీద ఊరు. అక్కడ అతనికి ముగ్గురు అక్కలు. ఇక్కడ పెళ్ళాం ఎస్నాత్ పిల్లలకి ఆమె మేనమామ ఎలాగో, అక్కడ ఆ ముగ్గురు అక్కల సంతానానికి బిన్వెల్ అన్న అలాగ. ఆయన కాస్తా పోయాడు. ఇద్దరు మేనకోడళ్ళ పెళ్ళిళ్ళు మాట్లాడేవాడు లేక ఆగిపోయాయి. "ఇంక నువ్వే మా పెద్దవాడివి. వచ్చి కుర్చీలో కూర్చో" అని అక్కలు ఫోన్ చేశారు. కుర్చీ అన్న మాట విన్నాక బిన్వెల్‌కి ఆ రోజు అన్నం సయించలేదు.

వెళ్ళాలంటే ఎస్నాత్‌ని, పిల్లల్ని తీసుకుని వెళ్ళాలి. తీసుకెళ్ళాలంటే ఆమె మేనమామ సాండ్రాం ఒప్పుకోవాలి. ఆయన్ని అడగడానికి పద్ధతి ప్రకారం బిన్వెల్ తరఫు పెద్ద రావాలి. బిన్వెల్ తరఫు పెద్ద అతని అన్న. ఆ అన్న పోయాడనే కదా ఇప్పుడు వెళ్ళాల్సి వచ్చింది! ఇలా తాడు చివర తాడుకే ముడిపడి ఉంటే ఏం చేస్తాడు పాపం? ఎస్నాత్ సలహా అడిగాడు.

"మావయ్య పంపిస్తే వస్తాను. పంపించకపోతే నన్ను అడక్కు. నాకు మీ కొండల చలి పడదు, అది వేరే సంగతి" అంది ఎస్నాత్, కట్టెలు విరుస్తూ.

చివరికి బావమరిది ఫనిజోని వెంటబెట్టుకుని తనే వెళ్ళి చాప మీద కూర్చున్నాడు.

సాండ్రాం నిండైన మనిషి. సరస్సు ఒడ్డున నాలుగు గదుల విడిది నడుపుతాడు. రాజధాని లిలాంగ్వే నుంచి ఉద్యోగస్తులు వచ్చి, ఒక రాత్రి పడుకుని, సరస్సుని కాసేపు చూసి, ఆపైన ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. అది ఆయనకి తలకొట్టేసినట్టుండేది. ఏదో పెద్ద హోటల్లో గాజుతొట్టె ముందు జనం బారులు తీరి ఫోటోలు దిగడం చూసొచ్చాడు. ఊరు వదిలిపోతూ ఒక దుకాణదారు పారేసిపోయిన తొట్టె ఆయన దగ్గరే ఉంది. బారెడు పొడవు, మూరెడు లోతు. అప్పటిదాకా అందులో ఉల్లిపాయలు పోసేవారు.

"అల్లుడూ, దేశదేశాలకీ చేపలు పంపిస్తావు. మన ఇంటికి ఎప్పుడైనా ఒకటి తెచ్చావా?" అన్నాడు సాండ్రాం, విన్న సంగతికి జవాబు చెప్పకుండా.

"మీరెప్పుడూ అడగలేదు కదండీ."

"అడిగితేగానీ తేనివాణ్ణి అల్లుడంటారా, అంగడంటారా?"

ఫనిజో కిసుక్కుమన్నాడు.

"నా మేనకోడల్ని తీసుకుపోయి వేరే ఇల్లు నడుపుతానంటున్నావు. నడపగలవో లేదో నాకెలా తెలియాలి? ఇదిగో ఇల్లు. నాలుగు గోడలూ గాజువే, లోపల ఏం జరిగినా పదిమందికీ కనబడుతుంది. ఇందులో చేపల్ని కాపురం పెట్టు. మొక్కజొన్న ఇంటికొచ్చాక మనవాళ్ళంతా కూడతారు. అప్పటికి ఇందులో కొట్లాటలు లేకుండా ఉంటే, పిల్లని తీసుకుపో. నేను అడ్డురాను."

ఇంత తేలిగ్గా తేలుతుందని బిన్వెల్ అనుకోలేదు. చేపలే కదా! సరస్సులో వాటి ఇల్లూ వాకిలీ తనకి తెలియంది కాదు. "అలాగేనండి" అన్నాడు, ఈసారి మనస్ఫూర్తిగా.

"అన్నీ నీలం చారలవే తే," అన్నాడు సాండ్రాం. "రంగురంగులవి తెచ్చి సంత చెయ్యకు. ఒకే రాతి దగ్గరవి పట్టు. ఒక్క కుదురు, ఒక్క పోలిక. అయినవాళ్ళయితే సర్దుకుంటాయి."

బిన్వెల్‌కి ఎక్కడో కాస్త కలుక్కుమంది. కంపెనీ షెడ్డులో నీలం చారల మగచేపల్ని ఎప్పుడూ వేరువేరు డబ్బాల్లో ఉంచుతారు. ఎందుకో అతనికి తెలియదు. పట్టివ్వడం వరకే కదా అతని పని. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ చాప మీదివాడు కుర్చీలోవాడికి ఎదురుచెప్పడం మ్వాలాలో ఇంతవరకూ జరగలేదు.

తెచ్చాడు. ఇసుక పరిచి, మధ్యలో అందంగా ఒక రాయి పెట్టి, గాలి పంపు బిగించి, దీవి పక్క రాయి దగ్గర పట్టిన నీలం మగచేపల్ని అందులో వదిలాడు. సాండ్రాం తల పంకించాడు. విడిది వంటవాడు చప్పట్లు కొట్టాడు. అందరూ భోజనానికి వెళ్ళొచ్చేసరికి ఒక చేప రాతిని ఆక్రమించుకుంది. మిగతావన్నీ నీళ్ళ పైఅంచున, మూలల్లో, రంగు వెలిసిపోయి, తోకలు పీలికలై వేలాడుతున్నాయి.

"ఒక్క కుదురువే కదా, మరి ఇదేంటి?" అన్నాడు సాండ్రాం.

సరస్సులో కూడా ఇవి తరుముకుంటాయి. అది బిన్వెల్ రోజూ చూసేదే. కానీ అక్కడ తరిమించుకున్నది ఇంకో రాతి దగ్గరికి పోతుంది, గొడవ అక్కడితో ముగుస్తుంది. ఇక్కడ ఇంకో రాయి లేదు. గాజు దాకా పోయి, గాజుకి ముక్కు రాసుకుని, మళ్ళీ ఆ రౌడీ ముందుకే వచ్చి పడాలి. పైగా తన పోలికే ఉన్నదాన్ని చూస్తే దానికి మరీ మంట. ఈ సంగతి బిన్వెల్‌కి అప్పటికప్పుడే అర్థమైంది. చచ్చేవాటిని తీసి వేరు చేయాలని బక్కెట్ అందుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలోంచి అత్తగారు ఎనెలెసి లోపలికి వచ్చింది.

అత్తగారూ అల్లుడూ ఒక గదిలో ఉండకూడదు. మొహాలు చూసుకోకూడదు. దారిలో ఎదురుపడితే ఎవరో ఒకరు పొదల్లోకి తప్పుకోవాలి. ఎస్నాత్‌ని చేసుకున్న ఇన్నేళ్ళలో అత్తగారి మొహం బిన్వెల్‌కి పెళ్ళిఫోటోలో తప్ప తెలియదు. ఆవిడకి అతని వీపు తప్ప తెలియదు. బిన్వెల్ బక్కెట్ అక్కడే పడేసి పెరటి గుమ్మంలోంచి బయటికి ఉరికాడు. ఆవిడ చూసి వెళ్ళిపోతుందిలే అనుకున్నాడు.

ఆవిడ వెళ్ళలేదు. వేరుశనక్కాయల గంప తెప్పించుకుని, తొట్టె ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. జీవితమంతా చేపల్ని ఎండబెట్టిన మనిషి, చేపలు కాపురం చేయడం చూడటం ఇదే మొదలు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పొద్దున వంటపని కాగానే వచ్చి, పొద్దు వాలాకగానీ లేచేది కాదు. బిన్వెల్ సరస్సు నుంచి తిరిగొచ్చేదీ ఆ వేళకే. దాంతో తన తొట్టెని తాను చూసుకోవాలంటే పెరటివైపు కిటికీయే గతి. చువ్వలు లేని ఆ కిటికీ అంచుకి గడ్డం ఆనించి, కళ్ళు అత్తగారి మీద పడకుండా చేపల మీదే నిలిపి, బావమరిదితో పని చేయించుకునేవాడు.

"ఫనిజో, ఆ మూలనున్నదాన్ని తియ్యి. అది చచ్చిపోతుంది."

"ఏది బావా, ఈ పిరికిదా?"

"పిరికిది కాదురా, దెబ్బలు తిన్నది."

"రెండూ నీలాగే ఉన్నాయి," అని ఫనిజో వల ముంచి బాగున్నదాన్ని తీశాడు. దెబ్బలు తిన్నది సాయంత్రానికి వెల్లకిలా తేలింది.

ఆ వారమంతా ఊరివాళ్ళు బావి దగ్గర, చేపలు ఎండబెట్టే తడికెల దగ్గర అతన్ని పలకరించే తీరే మారిపోయింది. "ఏం అల్లుడూ, ఇవాళ ఎన్ని శవాలు?"

చివరికి మిగిలిన ఒకే ఒక్క నీలం రౌడీని సరస్సులో వదిలేయించి, బిన్వెల్ బుర్ర పెట్టి ఆలోచించాడు. మనుషుల్లో కాపురాలు ఎలా నిలబడుతున్నాయి? ముందు ఆడవాళ్ళు ఉంటారు: తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. ఇల్లు వాళ్ళది. తర్వాత ఒక్క మగాడు సంచి భుజాన వేసుకుని వస్తాడు. కొత్తచోటు, ఎవరూ తెలియరు, ఒదిగి ఉంటాడు. తనకి బాగా తెలిసిన సంగతి ఇది. దీన్నే తొట్టెలో పెడితే సరి!

ఈ ఆలోచన విని సాండ్రాం తొడ చరిచాడు. "ఇప్పుడు మాట్లాడావు మనిషిలాగ!"

ముందు గోధుమరంగు ఆడచేపల్ని తెచ్చి వదిలారు. అవి కాసేపు బెదిరి, తర్వాత రాతి చుట్టూ తిరుగుతూ పాచి గీక్కుంటూ చక్కగా స్థిరపడ్డాయి. వారం పోయాక ఒకే ఒక్క మగచేపని, కొంచెం నెమ్మదస్తుణ్ణి ఏరి తెచ్చారు. అది తొట్టెలో పడగానే రంగంతా దిగిపోయి రాతి వెనక నక్కింది. ఆడచేపలు వచ్చి దాన్ని వాసన చూసినట్టు చూసి పోయాయి.

విడిదిలో నవ్వులే నవ్వులు.

"అక్కా, ఇటు చూడు, బావ వచ్చాడు!" అని ఫనిజో కేకేశాడు. ఎస్నాత్ చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ క్షణం నుంచీ ఆ చేప పేరు బిన్వెల్ అయింది. కిటికీ బయట ఉన్న బిన్వెల్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు. అయినా పద్ధతి పనిచేసింది కదా, అదే పదివేలు.

తెల్లారి కిటికీ దగ్గరికి వచ్చేసరికి చేప బిన్వెల్ రాతి వెనక లేడు. రాతి మీద ఉన్నాడు. రాత్రికి రాత్రి ఒళ్ళంతా నీలం పొంగింది, చారలు తేరాయి. నోటితో ఇసుక ఎత్తిపోసి, రాతి కింద సొంతానికి గుంట తవ్వుకున్నాడు. ఆడచేపల్లో ఏది దగ్గరికొచ్చినా కొట్టి తరుముతున్నాడు. అవన్నీ ఒక మూల గుంపుగా వణుకుతున్నాయి.

శనక్కాయలు ఒలవడం ఆపేసింది ఎనెలెసి. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి, కిటికీలో వినబడేంత గొంతుతో కొడుకుతో అంది: "ఒరేయ్ ఫనిజో, చెప్పు ఆ మనిషికి. మన ఇంటికి వచ్చి మన ఆడపిల్లల మీదే చెయ్యి చేసుకుంటాడా వీడు? ఎవరి ఇల్లనుకుంటున్నాడు?"

"బావా, అమ్మ అడుగుతోంది, ఎవరి ఇల్లనుకుంటున్నావని."

"నేను కాదురా, చేప!"

"అమ్మా, చేపట."

"చేపయితే మాత్రం? పేరు ఊరికే వచ్చిందా?"

ఇంటి ఆడవాళ్ళంతా ఆ మధ్యాహ్నం చేరారు. పిన్నత్తగార్లు, పెద్దత్తగార్లు, ఎవరి చేతిపని వాళ్ళు తెచ్చుకుని కూర్చుని తొట్టెలో జరిగే అన్యాయం కళ్ళారా చూశారు. అందులో ఒక ఆడచేప నోరు బిగించుకుని, గవదలు ఉబ్బి, ఎవరు ఏం వేసినా ముట్టకుండా ఒక పక్కన నిలబడి ఉంది.

"ఆ పిల్ల నిన్నటి నుంచీ ముద్ద ముట్టలేదు. మొగుడి మీద అలిగింది," అంది ఎనెలెసి.

దాని నోటినిండా గుడ్లున్నాయని, పిల్లలై బయటికొచ్చేదాకా అది తిండి ముట్టదని, దాన్ని గనక ఇలాగే తరిమితే బెదిరి గుడ్లు మింగేస్తుందని బిన్వెల్‌కి తెలుసు. సరస్సులో రోజూ చూస్తాడు. కానీ చెప్పేదెవరికి? అత్తగార్ల నిండుసభలో అల్లుడు గర్భం మాట ఎత్తుతాడా! కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. సాండ్రాం వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "అల్లుడూ, గడువు దగ్గర పడుతోంది. మొక్కజొన్న కంకులు ఎండాయి" అని మాత్రం అన్నాడు.

ఆ రోజు సరస్సులో దిగినప్పుడు బిన్వెల్ చేపల్ని పట్టలేదు. రాళ్ళ మధ్య గొట్టం నములుతూ ఊరికే చూస్తూ ఉండిపోయాడు. పైనుంచి పడవవాడు రెండుసార్లు తాడు లాగాడు, పోయాడేమోనని. విడిగా ఉన్న రాయి దగ్గర ఒక మగచేప ఇంకొకదాన్ని వదలకుండా తరుముతోంది. చేపలు కిక్కిరిసిన పెద్ద గుట్ట దగ్గర మాత్రం ఎవరూ ఎవర్నీ ఎక్కువసేపు తరమట్లేదు. ఒకదాన్ని తరమబోతే మధ్యలో ఇంకొకటి అడ్డం వస్తుంది, దాని మీదికి తిరిగేలోపు మరొకటి. ఎవరి మీద కోపమో మర్చిపోయి అన్నీ పాచి గీక్కోవడంలో పడుతున్నాయి. రాళ్ళు కూడా ఒకటి కాదు, అడుగు నుంచి పైదాకా పేర్చినట్టు, సందులే సందులు. పోలిక కలవని జాతులు ఒకే గుట్టలో పక్కపక్కన ఉన్నాయి. నీలం చారలది పెద్దముక్కు చేప వైపు కన్నెత్తి చూడదు. వాటికి వాటితో పేచీ లేదు.

బిన్వెల్ మనసు తేలికైంది. తక్కువ చేపలు పెట్టడమే తప్పు, ఎక్కువ పెట్టాలి. నీలం చారల మగాడు ఒక్కడే, వాడి ఆడవాళ్ళు మాత్రం ఎక్కువ. వాడి పోలిక లేని పెద్దముక్కు చేపలు కొన్ని. సన్నగా, పొడుగ్గా ఉండే పసుపు గీతలవి కొన్ని. రాళ్ళు నిండా పేర్చాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత రాయి తీసేయాలి. మొత్తం ఇల్లే మార్చేయాలి. అప్పుడు ఆ తొట్టె ఎవరి పుట్టిల్లూ కాదు, ఎవరి అత్తిల్లూ కాదు, అందరూ ఆ పూట వచ్చినవాళ్ళే.

చేపలు పట్టడం ఒక పూట పని. రాళ్ళు చేరవేయడం ఇంకో పూట. రెండు బక్కెట్ల నిండా చేపలతో, ఒంటి మీద ఈత నిక్కరు ఒక్కటే ఉన్న బిన్వెల్ విడిది పెరట్లోకి వచ్చేసరికి, లోపల ఎవరున్నారో చెప్పక్కర్లేదు.

"ఫనిజో, మీ అమ్మని కాసేపు ఇంటికి పంపరా."

"నువ్వే చెప్పు బావా."

"ఒరేయ్, నేనెలా చెబుతాను!"

"అయితే నేను చెప్పాను, వెళ్ళనంది. ఇవాళ ఆ అలిగిన పిల్ల ముద్ద తింటుందట, చూడాలట."

బక్కెట్లలో చేపలు నీటి అంచుకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఎండ మండిపోతోంది. ఇక ఫనిజో చేతులే గతి. బిన్వెల్ కిటికీలోంచి రాళ్ళు ఒక్కొక్కటే అందిస్తుంటే ఫనిజో తొట్టెలో పేరుస్తున్నాడు.

"అటు కాదు, గాజుకి తగలకుండా. ఆ చిన్నది కిందికి. కింద ఇసుకలో గట్టిగా దిగాలి, లేకపోతే తవ్వి పడేస్తాయి."

"నువ్వు నీళ్ళలో చేసే పని నేను గట్టు మీద నిలబడి చేస్తున్నా, కాస్త మర్యాదగా చెప్పు."

"అయ్యా ఫనిజోగారూ, తమరి ఎడమచేతి కింద ఆడచేప నలిగిపోతోంది."

ఫనిజో గబుక్కున చెయ్యి తీశాడు. గుట్ట కదిలింది. పైరాయి జారి, నోట్లో గుడ్లున్న ఆడచేపని గాజుకీ ఇంకో రాతికీ మధ్య నొక్కిపెట్టింది. చేప తోక కొట్టుకుంటోంది. ఫనిజో బిత్తరపోయి చూస్తున్నాడు. ఎనెలెసి "అయ్యో నా తల్లి, అయ్యో!" అని అరుస్తోంది.

ఆ తర్వాత ఏం చేశాడో బిన్వెల్ తెలిసి చేయలేదు. కిటికీ అంచు మీదికి ఎక్కాడు, లోపలికి దూకాడు, కాలు బక్కెట్‌కి తగిలింది. నీళ్ళు, చేపలు, అల్లుడు, అన్నీ కలిసి అత్తగారి చాచిన కాళ్ళ మీద పడ్డాయి.



ఎనెలెసి పైబట్ట తల మీదికి లాక్కుని మొహమంతా కప్పేసుకుంది. బిన్వెల్ లేచాడు, తొట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి రాయి ఎత్తాడు. ఆడచేప జారుకుని పైకి వచ్చింది. నోరు ఇంకా బిగించే ఉంది. అప్పుడు అతనికి ఒంటి మీద ఏముందో, ఏం లేదో గుర్తొచ్చింది. నేల మీద ఎగిరిపడుతున్న చేపల్ని ఏరాలా, పారిపోవాలా? ఏరాడు. గోడవైపు తిరిగి, ఒంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తడుముకుంటూ ఏరాడు. ఒక ముక్కుచేప ఎనెలెసి ఒడిలోనే ఉండిపోయింది. దాన్ని తియ్యడం ఎలాగో అతనికి ప్రాణం పోయినా తెలియలేదు. ముసుగులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, ఆ చేపని తోకపట్టుకుని గాలిలో నిలబెట్టింది. బిన్వెల్ చూడకుండా అందుకున్నాడు. ముసుగు వణుకుతోంది. ఏడుపో నవ్వో అతను ఆగి తెలుసుకోలేదు. మిగిలిన చేపలు తొట్టెలో వదిలి, వచ్చిన కిటికీలోంచే బయటపడ్డాడు.

సాయంత్రానికి కబురు వచ్చింది: అత్తగారి ముందు పడినందుకు తప్పుకింద ఒక కోడి. బిన్వెల్ కిక్కురుమనకుండా ఇచ్చాడు. "పడినందుకే కోడి అన్నారు బావా," అన్నాడు ఫనిజో. "నిక్కరు సంగతి ఇంకా విచారణలో ఉంది."

కానీ తొట్టె నిలబడింది. నీలం మగాడు మొదటి రోజు ఒకదాన్ని తరమబోయి, ఇంకొకటి అడ్డం వచ్చి, ఎటు తిరగాలో తోచక, ఒక సందులో తన చోటు చూసుకుని ఊరుకున్నాడు. ముక్కుచేపలు వాటి గోలలో అవి ఉన్నాయి. పసుపు గీతలవి పైవరసలో తిరిగేవి. మొక్కజొన్న ఇంటికి వచ్చే నాటికి, ఆ అలిగిన ఆడచేప ఒక మధ్యాహ్నం నోరు తెరిచింది. గోరంత పిల్లలు బుడబుడ బయటికి వచ్చి రాళ్ళ సందుల్లోకి దూరాయి. ఎనెలెసి వేసిన కేక సరస్సు మీది పడవల్లో వినబడిందంటారు.

చుట్టాలంతా కూడిన రోజున బిన్వెల్ ఉతికిన చొక్కా వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ఎస్నాత్ ఆడవాళ్ళ వరసలో ఉంది. సాండ్రాం కుర్చీలోంచి తొట్టెని చూశాడు, చుట్టాల్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నేను ఇల్లు నడిపి చూపించమన్నాను. అల్లుడు నడిపి చూపించాడు. కొట్లాట లేదు. పైగా పిల్లలు పుట్టారు. లిలాంగ్వేవాళ్ళు వచ్చి గంటలకొద్దీ ఫోటోలు తీసుకుంటున్నారు. ఇందులో లోటు ఉందని ఎవరైనా అంటే ఇప్పుడే అనండి."

ఎవరూ అనలేదు.

"మరి, ఇంత బాగా నడుస్తున్న ఇంటిని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్తావు అల్లుడూ?"



"ఫనిజో ఉన్నాడు కదండీ," అన్నాడు బిన్వెల్.

"ఫనిజో నిన్న తను తినే మొక్కజొన్న సంకటి, న్సిమా ముద్ద వేశాడు అందులో. నీళ్ళు గంజయ్యాయి. పొద్దున నువ్వొచ్చి మార్చకపోతే మా చెల్లెలు ఎనెలెసి ఇంట్లో చావు కబురు చెప్పేది. అవునా, కాదా?"

"అవును," అన్నాడు ఫనిజో, తప్పు ఒప్పుకునేవాడిలా కాకుండా సాక్ష్యం చెప్పేవాడిలా.

ఆడవాళ్ళ వరసలోంచి, ముసుగులోంచి, ఎవరినీ ఉద్దేశించనట్టు ఎనెలెసి గొంతు వినిపించింది: "పిల్లలు ఇంకా గోరంతే ఉన్నాయి. చేతికి రాని పిల్లల్ని వదిలి పోయే మనిషి కాదు ఆయన. అంతమాత్రం నాకు తెలుసు."

అత్తగారు అతని గురించి మంచిమాట అనడం ఇదే మొదటిసారి. చుట్టాలంతా హర్షంగా "హా" అన్నారు. ఒక ముసలాయన లేచి వచ్చి బిన్వెల్ చెయ్యి పట్టుకుని ఊపాడు. సాండ్రాం లోపల్నుంచి ఇంకో కుర్చీ తెప్పించి, తన పక్కన వేయించి, "రా అల్లుడూ, కూర్చో" అన్నాడు. మ్వాలాలో అల్లుడికి కుర్చీ వేయడం ఎవరూ ఎరగరు. మీరు మాటిచ్చారు కదండీ అని కుర్చీలో కూర్చుని అనడం ఎలాగో అతనికి అంతుబట్టలేదు. కూర్చున్నాడు. కుర్చీ ఒక కాలు పొట్టి, అటూ ఇటూ ఊగుతోంది. ఎస్నాత్ వైపు చూశాడు. ఆమె మొహంలో ఉన్నది దిగులో, కొండల చలి తప్పినందుకు ఊరటో, ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా అతను పోల్చుకోలేకపోయాడు.

"చేపపిల్లలు పెద్దవయ్యాక చూద్దాం," అన్నాడు సాండ్రాం. "అప్పటికి ఇంకొకటి నోరు బిగిస్తుందనుకో. అదీ చూద్దాం."

మర్నాడు పెద్దక్క ఫోన్ చేసింది. బిన్వెల్ ఒడ్డున వలల పక్కకి పోయి ఎత్తాడు.

"బయల్దేరారా తమ్ముడూ? కుర్చీ తుడిపించి ఉంచాను. పెళ్ళివాళ్ళు ఆదివారం వస్తామంటున్నారు."

"అక్కా, కొంచెం ఆలస్యమయ్యేట్టుంది."

"మళ్ళీ ఏమొచ్చింది? ఆయన ఒప్పుకోలేదా?"

"ఒప్పుకోకపోవడమంటూ ఏమీ లేదు. మర్యాదగానే చూశారు. ఇక్కడ చేపల పని ఒకటి పడింది."

"ఏం చేపలు?"

"చిన్నవే. వేలెడు ఉంటాయి."

సరస్సు ఎలా ఉంటుందో పుట్టి బుద్ధెరిగి చూడని మనిషి పెద్దక్క. "వేలెడు చేపలకి ఇంత ఆలస్యమేమిటి నాయనా? ఉప్పేసి వేయించుకుని తినేసి వచ్చెయ్యి."

"అవి తినేవి కావక్కా."

"తినేవి కాకపోతే మరి వాటితో నీకేం పని?"

బిన్వెల్ అటూ ఇటూ చూశాడు. విడిది వైపు నుంచి ఫనిజో పరిగెత్తుకొస్తూ చేతులూపుతున్నాడు. గాలి పంపు ఆగినట్టుంది.

"అక్కా, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, నీ మాట తెగిపోతోంది," అన్నాడు, అక్క ఊపిరి కూడా స్పష్టంగా వినబడుతుండగా. ఫోన్ పెట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి కిటికీ వైపు పరిగెత్తాడు.